మోటార్‌హోమ్ ప్రయాణం: ప్లాన్ రాత్రి బస నుంచి మొదలవ్వాలి

గుంటూరు నుంచో విజయవాడ నుంచో కారులో టూర్‌కి బయల్దేరేవాళ్లు ప్లాన్ ఎలా వేస్తారో తెలిసిందే. చూడాల్సినవి నాలుగు రాసుకుంటారు, గూగుల్ మ్యాప్‌లో గంటలు కూడుకుంటారు, రాత్రికి ఏ ఊరు చేరితే అక్కడే లాడ్జి చూసుకుంటారు. కారుకి ఈ పద్ధతి చాలు. మోటార్‌హోమ్‌కి అస్సలు పనికిరాదు. బండిలోనే మంచం, వంటగట్టు, బాత్రూమ్ ఉన్నాయి కాబట్టి ఎక్కడ కావాలంటే అక్కడ ఆగి పడుకోవచ్చని చాలామంది అనుకుంటారు గానీ, అవన్నీ బండిలోనే ఉన్నందువల్లే ఎక్కడ పడితే అక్కడ ఆగడం కుదరదు. దానికి నీళ్లు పట్టాలి, మురుగు వదలాలి, బ్యాటరీలు ఛార్జ్ చేయాలి, గట్టిగా చదునుగా ఉన్న నేల కావాలి, తెల్లారేదాకా ఎవరూ వచ్చి తలుపు కొట్టని చోటు కావాలి. అందుకే మోటార్‌హోమ్ ప్రయాణంలో ముందు తేల్చుకోవాల్సింది రాత్రి ఎక్కడ ఆగుతామన్నది. అది తేలాక, ఆ రెండు బసల మధ్య ఏమేం చూడొచ్చో చూసుకోవాలి.

యూరప్‌లోనో అమెరికాలోనో అయితే ఈ బళ్ల కోసమే కట్టిన క్యాంపు స్థలాలు దారి పొడవునా ఉంటాయి, నీళ్లు, కరెంటు, మురుగు వదిలే గుంట అన్నీ ఒకేచోట దొరుకుతాయి. మన దగ్గర అలాంటివి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కేరళ 2021లో క్యారవాన్ టూరిజం, అంటే ఇలాంటి బళ్లలో తిరిగే పర్యాటకం కోసం ప్రత్యేకంగా విధానం తెచ్చి వాగమన్‌లో పార్కు కూడా మొదలుపెట్టింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ కూడా ఆ దారి పట్టింది. అవి ఊరూరా వచ్చేదాకా మాత్రం మన బసలు మనమే వెతుక్కోవాలి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో అది అంత కష్టమేం కాదు, ఎక్కడ అడగాలో తెలిస్తే చాలు.

ముందు బండి సంగతి. ఇక్కడ అద్దెకు దొరికేవాటిలో ఎక్కువ భాగం టెంపో ట్రావెలర్ లాంటి వ్యాన్ మీద కట్టినవే. ఏడు మీటర్ల పొడవు, రెండు మీటర్లు దాటిన వెడల్పు, పైన ఏసీ పెట్టె ఉంటే ఎత్తు దాదాపు మూడు మీటర్లు. కారు లైసెన్సుతో ఇంత బండి నడపొచ్చా అన్నది అందరికీ వచ్చే మొదటి అనుమానం. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని వాణిజ్య వాహనాన్ని కూడా ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది, ఈ వ్యాన్లు ఆ లెక్కకు చాలా లోపలే ఉంటాయి. అసలు చూడాల్సింది ఆర్‌సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రం. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఆర్‌సీలో ప్యాసింజర్ వ్యాన్ అని ఉండి లోపల స్టవ్, మంచాలు, ఇన్వర్టర్ బిగించి ఉంటే, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ ఆ మాటే పట్టుకుంటుంది. అద్దె మాట్లాడేముందు ఆర్‌సీ ఫొటో వాట్సాప్‌లో పంపమనాలి. పంపడానికి నసిగితే ఆ బండి వద్దు.

రెండోది బరువు. దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. లీటరు నీళ్లు కిలో బరువు, అంటే 150 లీటర్ల ట్యాంకు నింపితే 150 కిలోలు. మనుషులు నలుగురు, బ్యాటరీలు, ఫ్రిజ్, గ్యాస్ బండ, సూట్‌కేసులు, పెద్దవాళ్లు వద్దన్నా సర్దే బియ్యం, పచ్చళ్లు, మడత కుర్చీలు, అన్నీ కలిస్తే లెక్క ఎక్కడికో పోతుంది. గుంటూరు చుట్టుపక్కల కాటాలకు కొదవ లేదు కదా, మిర్చి బస్తాల లారీలు తూచే ఏ వేబ్రిడ్జికైనా వెళ్లి, అన్నీ సర్దుకుని మనుషులతో సహా ఒకసారి తూయించి, ఆర్‌సీలో రాసిన గరిష్ఠ బరువుతో పోల్చుకోవాలి. వీలైతే ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే పెట్టి ఒకసారి కూడా తూయించాలి, ఎందుకంటే సామాను ఎప్పుడూ వెనకే పేరుకుంటుంది, వెనక బరువెక్కి ముందు తేలికైతే స్టీరింగు మాట వినదు. బరువు ఎక్కువైన బండి చదును రోడ్డు మీద బాగానే పోతుంది. తేడా తెలిసేది బ్రేకు గట్టిగా తొక్కాల్సి వచ్చినప్పుడు, ఘాట్ దిగేటప్పుడు. ఇంకో మాట, బండి కదులుతున్నంతసేపూ అందరూ బెల్టు ఉన్న సీట్లలోనే కూర్చోవాలి. మంచం ఉంది కదా అని పిల్లల్ని పడుకోబెట్టడం చాలా ప్రమాదం.

ఎప్పుడు వెళ్లాలన్నది మూడో ప్రశ్న. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా తుపానుల భయం ఉంటుంది, 2023లో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. కాబట్టి తీరం వెంట వెళ్లే ప్లాన్‌లో రెండు రోజులు అటూ ఇటూ జరుపుకునే వీలు ఉంచుకోవాలి, బుకింగులన్నీ ముందే కట్టేసి టెన్షన్ పడకూడదు. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం, కైకలూరు వైపు ఇంత బండి వేసుకుని వెళ్లడం తెలివైన పని కాదు, పందేల బరుల దగ్గర రోడ్డు మీదే పార్కింగులుంటాయి. ఇక ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. రెంటచింతల వైపు మే నెలలో రేకు బండిలో పడుకోవడం ఎవరి వల్లా కాదు.

డిసెంబరులో డెల్టా రోడ్ల మీద ఇంకో ఇబ్బంది ఉంది, మ్యాప్‌లో ఎక్కడా కనబడదు. కోతలయ్యాక రైతులు ధాన్యం ఆరబెట్టుకునేది రోడ్ల మీదే. సగం రోడ్డు మేర వడ్లు పరిచి, బళ్లు ఎక్కకుండా అంచు పొడవునా రాళ్లో ఇటుకలో వరసగా పెడతారు. పగలు ఇబ్బంది లేదు, నెమ్మదిగా పక్కనుంచి పోవచ్చు. చీకటి పడ్డాక ఆ వడ్లను రాశి చేసి నల్ల టార్పాలిన్ కప్పుతారు, చుట్టూ రాళ్లు అలాగే ఉంటాయి, ఎదురుగా వచ్చే లారీ లైట్లలో ఆ నల్ల పట్టా కనపడదు. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కులు కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ. అందుకే సాయంత్రం నాలుగున్నర, ఐదుకల్లా బండి ఆగిపోవాలన్నది ఒక్కసారి కూడా తప్పకూడని నియమం. ఆ లెక్కన రోజుకి వంద, నూట ఇరవై కిలోమీటర్లు మించి పెట్టుకోకూడదు. తక్కువ అనిపిస్తుంది గానీ, పల్లె రోడ్ల మీద మోటార్‌హోమ్ సగటు వేగం గంటకి ముప్పై ఐదు, నలభై దాటదు.

డెల్టా రోడ్లు ఎందుకంత ఇరుకో తెలిస్తే దారి ఎంచుకోవడం తేలికవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలువలు ఊరూరికీ పారాయి, సరుకులు పడవల మీదే కదిలేవి. కాలువ గట్లే తర్వాత రోడ్లయ్యాయి. అందుకే ఒకపక్క కాలువ, ఇంకోపక్క చేను, మధ్యలో గట్టు మీద రోడ్డు, పక్కకి దిగడానికి జాగా ఉండదు. చెట్ల కొమ్మలు, కిందికి వేలాడే కరెంటు, కేబుల్ తీగలు కారుకి తగలవు, మూడు మీటర్ల బండికి తగులుతాయి. రైలు పట్టాల కింద ఉండే అండర్ బ్రిడ్జిల ముందు ఎత్తు కొలిచే ఇనుప కమ్మీ అడ్డంగా ఉంటుంది, దాని మీద రాసిన అంకె, మన బండి ఎత్తు, రెండూ డ్రైవరుకి నోటికి వచ్చి ఉండాలి. బండి ఎత్తు ఒక కాగితం మీద రాసి స్టీరింగు దగ్గర అంటించుకుంటే మంచిది. విజయవాడలోనే తీసుకుంటే ప్రకాశం బ్యారేజీ మీదికి భారీ వాహనాలను రానివ్వరు, అక్కడిదాకా వెళ్లి వెనక్కి తిప్పుకునే బదులు మొదటే కనకదుర్గ వారధి మీదుగా దాటడం నయం.

అందుకే డెల్టా చుట్టడానికి 216 నంబరు జాతీయ రహదారిని వెన్నెముకగా పెట్టుకోవాలి. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరానికి దగ్గర్లోనే సాగే ఈ రోడ్డు అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాలను కలుపుతుంది. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల సుమారు 50 కిలోమీటర్లు, మొదటి రాత్రికి అక్కడి సూర్యలంక బీచ్ సరిగ్గా సరిపోతుంది. ఆదివారాలు, కార్తీక పౌర్ణమి రోజు తప్పించాలి. ఎంత ముచ్చటపడినా బండిని ఇసుకలోకి దింపకూడదు, నాలుగు టన్నుల బండి ఒక్కసారి కూరుకుపోతే లాగడానికి ట్రాక్టరే కావాలి. పర్యాటక శాఖ రిసార్టు ఆవరణలో అడిగి పెట్టుకుంటే నీళ్లు, కరెంటు రెండూ ఆ రాత్రికి సమకూరతాయి.

రెండో రోజు రేపల్లె దాటి పెనుమూడి, పులిగడ్డ మధ్య వంతెన మీద కృష్ణ దాటితే దివిసీమ. మోపిదేవి చేరడానికి సుమారు 70 కిలోమీటర్లు. అంత తక్కువ దూరం కావాలనే పెట్టుకోవాలి, ఎందుకంటే కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి చూసేది ఆ మధ్యాహ్నమే. అక్కడికి మోటార్‌హోమ్ తీసుకెళ్లకూడదు. సంగమం దాకా పోయే చివరి ముక్క ఆ బండికి తగిన దారి కాదు, బండి మోపిదేవిలోనో అవనిగడ్డలోనో వదిలేసి ఆటో మాట్లాడుకోవడమే సుఖం. ఈ పద్ధతి ప్రయాణమంతా పాటించాలి. మోటార్‌హోమ్ ఒక బస నుంచి ఇంకో బసకి చేరడానికి మాత్రమే, చుట్టుపక్కల తిరగడానికి ఆటోలు, పడవలు, కాళ్లు ఉన్నాయి. దీన్నే వేసుకుని ప్రతి సందులోకి దూరాలనుకునేవాళ్లకి రోజంతా రివర్స్ గేరుతోనే సరిపోతుంది.

మూడో రోజు కాస్త పెద్దది, చల్లపల్లి, మచిలీపట్నం, పెడన, నరసాపురం, పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి దిండి. దారిలో ఘంటసాల బౌద్ధ స్తూపమో పెడనలో కలంకారీ అద్దకమో, రెండింట్లో ఒకటే పెట్టుకోవాలి. నరసాపురం దగ్గర ఆశ పుట్టే విషయం ఒకటుంది. అక్కడి నుంచి సఖినేటిపల్లి రేవుకి వశిష్ఠ గోదావరి మీద పంటు నడుస్తుంది, అవతల గట్టెక్కితే అంతర్వేది దగ్గరే. పంటు మీద కార్లు, మోటారు సైకిళ్లు ఎక్కించడం చూసి మన బండీ ఎక్కుతుందనుకోవద్దు. పొడుగు బండి ఆ ఏటవాలు రేవులో పలక మీదికి ఎక్కేటప్పుడు వెనక భాగం నేలకి గీసుకుంటుంది, టాయిలెట్ పైపులు ఉండేది సరిగ్గా అక్కడే. చుట్టు దారైనా చించినాడ వంతెనే మేలు. మర్నాడు దిండి నుంచి ఆటోలో అంతర్వేది వెళ్లి రావచ్చు, ఆ రోజు బండిని కదపక్కర్లేదు. ప్రయాణం మధ్యలో ఒక రోజు ఇలా ఇంజిన్ ముట్టుకోకుండా ఉండటం డ్రైవింగ్ చేసేవాళ్లకి చాలా అవసరం.

తిరుగుదారి భీమవరం, ఆకివీడు, కైకలూరు, గుడివాడ. కైకలూరులో ఆగి ఆటపాక పక్షుల కేంద్రం సాయంత్రం ఒకసారి, పొద్దున్నే ఒకసారి చూడాలి, చలికాలంలో గూడబాతులు చెట్లనిండా ఉంటాయి. కారులో వచ్చేవాళ్లు మధ్యాహ్నం ఎండలో చూసి వెళ్లిపోతారు. పొద్దున ఆరింటికి అక్కడ ఉండగలగడమే మోటార్‌హోమ్ వల్ల వచ్చే అసలు లాభం.

ఇక బసలు. పెట్రోలు బంకులు, దాబాల గురించి అందరూ చెబుతారు. రాత్రంతా లారీల శబ్దం, డీజిల్ పొగ, నిద్ర పట్టదు. గుడి పార్కింగులు పర్వాలేదు, దేవస్థానం ఆఫీసులో అడిగి పెట్టుకోవాలి, లోపల మాంసం, మద్యం ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు. వీటన్నిటికంటే మంచిది, ఎవరికీ తట్టనిది ఫంక్షన్ హాలు. మన జిల్లాల్లో చిన్న ఊళ్లో కూడా కల్యాణ మండపం ఉంటుంది. ప్రహరీ, గేటు, వాచ్‌మన్, బోరు, వంటశాల, వరసగా టాయిలెట్లు, వాటికి సెప్టిక్ ట్యాంకు, బస్సులు తిరగడానికి తగ్గ గట్టి జాగా, క్యాటరింగ్ వాళ్ల కోసం బిగించిన పెద్ద ప్లగ్గులు. మోటార్‌హోమ్‌కి కావాల్సినవన్నీ ఒక్కచోటే. ముహూర్తాలు లేని రోజుల్లో ఖాళీగా పడి ఉంటుంది. సంక్రాంతికి ముందు వచ్చే శూన్యమాసంలో పెళ్లిళ్లుండవు కాబట్టి డిసెంబరు రెండో సగం నుంచి పండగ ముందుదాకా ఏ ఊళ్లో అడిగినా దొరకొచ్చు. పంచాంగం ముందు పెట్టుకుని ప్లాన్ వేసుకోవాలని చెప్పేది ఇందుకే. వెళ్లి గేటు దగ్గర నిలబడకుండా రెండు రోజుల ముందే ఫోన్ చేసి, "ఏమండీ, రాత్రికి బండి లోపల పెట్టుకుంటాం, నలుగురం, పొద్దున్నే వెళ్లిపోతాం, నీళ్లకీ కరెంటుకీ ఎంత ఇమ్మంటారు?" అని నేరుగా అడగాలి. కుటుంబంతో వస్తున్నామని, డబ్బులిస్తామని తెలిస్తే ఎక్కువమంది సరేనంటారు.

నీళ్లు, మురుగు గురించి కాస్త వివరంగానే చెప్పుకోవాలి. స్నానాలు బసలో కానిచ్చినా, పాత్రలు, చేతులు, టాయిలెట్ కలిపి మనిషికి రోజుకి ఇరవై లీటర్లు అవుతుంది. నలుగురికి ఎనభై. 150 లీటర్ల ట్యాంకు రెండు రోజులు కూడా రాదు. దివిసీమ, కోనసీమ తీరప్రాంతాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాడుకకి ఫర్వాలేదు, తాగడానికీ వంటకీ ఇరవై లీటర్ల టిన్నులు వేరుగా పెట్టుకోవాలి, అవి ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి. ఈ బళ్లలో చాలావాటికి పెట్టెలా బయటికి లాగే టాయిలెట్ ట్యాంకు ఉంటుంది, సుమారు ఇరవై లీటర్లు పడుతుంది. నలుగురు వాడితే రోజున్నరకి నిండుతుంది. దాన్ని ఖాళీ చేయాల్సింది సెప్టిక్ ట్యాంకు ఉన్న టాయిలెట్‌లోనే, అదీ యజమానికి చెప్పి.

కాలువలో మాత్రం వద్దు. చీకట్లో ఎవరూ చూడరు, పారే నీరే కదా అనిపిస్తుంది. డెల్టాలో ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ కాలువల నుంచే. వేసవిలో కాలువ కట్టేసేముందు నింపుకున్న చెరువు నీళ్లే నెలల తరబడి ఆ ఊరు తాగుతుంది. సబ్బు నీళ్లైనా సరే గట్టు మీద నుంచి వదలడం తప్పు, చేపల చెరువుల్లోకి పోతే ఆ రైతుకి నష్టం. మోటార్‌హోమ్‌లు మన రోడ్ల మీద కొత్త. మొదట వచ్చిన నాలుగు బళ్లు గట్ల మీద మురుగు వదిలితే ఐదో బండిని ఏ ఊరూ ఆగనివ్వదు, ఆ ఊళ్లది తప్పు అనడానికీ ఉండదు.

కరెంటు లెక్క చిన్నదే. 200 ఆంపియర్ అవర్ల 12 వోల్టుల బ్యాటరీలో ఉండేది 2.4 యూనిట్లు. ఒక టన్ను ఏసీ గంటకి సుమారు ఒక యూనిట్ లాగుతుంది, అంటే రెండు గంటలకి పని అయిపోయింది. రాత్రంతా ఏసీ కావాలంటే ప్లగ్ ఉన్న బస తప్పదు. డిసెంబరు, జనవరిలో ఏసీ అక్కర్లేదు, చిన్న ఫ్యాన్ చాలు, కానీ డెల్టాలో దోమతెర లేకుండా కిటికీ తీయలేం. గ్యాస్ బండ వాల్వు బండి కదిలే ముందు కట్టేయాలి, వంట చేసేటప్పుడు కిటికీ తీసే ఉండాలి.

కొండలు, అడవి కావాలనుకునేవాళ్లకి రెండో దారి పల్నాడు. గుంటూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా నాగార్జునసాగర్. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీలు, రాయి లారీలు, దుమ్ము, ఆ ముక్క పొద్దున్నే దాటేయాలి. ఫిబ్రవరి, మార్చిలో రోడ్డుకి అటూ ఇటూ మిరప కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉంటాయి, చూడటానికి ఎంత బాగుంటాయో గాలివాటాన పక్కన బండి పెట్టి పడుకుంటే అంత ఘాటు, తుమ్ములతో తెల్లారుతుంది. సాగర్‌లో ఆంధ్ర వైపు విజయపురి సౌత్‌లో ఆగితే నాగార్జునకొండ లాంచీ అక్కడి నుంచే, శుక్రవారం మ్యూజియం సెలవు. ఎత్తిపోతల దారిలోనే.

అక్కడి నుంచి శ్రీశైలం వెళ్లాలంటే మాచర్ల, యర్రగొండపాలెం, దోర్నాల. దోర్నాల నుంచి శ్రీశైలం దాకా సుమారు 50 కిలోమీటర్లు పులుల అభయారణ్యం, ఘాట్. అటవీ శాఖ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మోటార్‌హోమ్ అయితే మధ్యాహ్నం మూడింటికల్లా దోర్నాల దాటేలా చూసుకోవాలి, డీజిలు అక్కడే నింపుకోవాలి, అడవిలో ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకూడదు. దారిలో ఆగడం, వంట చేయడం, కోతులకి తిండి వేయడం కుదరవు. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజిన్‌తోనే వేగం ఆపుకోవాలి, బ్రేకు మీద కాలు వేసే ఉంచితే సగం దారిలో వాసన మొదలవుతుంది. కొత్తగా నడిపేవాళ్లు ఈ దారి మొదట పెట్టుకోకూడదు.

మొదటిసారి అయితే అద్దె బండి ఒక్క రోజుకి తీసుకుని గుంటూరు నుంచి సూర్యలంక వెళ్లి, ఒక రాత్రి ఉండి వచ్చేయడం మంచిది. నలుగురు ఎన్ని నీళ్లు వాడతారు, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, టాయిలెట్ పెట్టె ఎంత నిండింది, పెద్దవాళ్లు ఆ మెట్టు ఎక్కగలుగుతున్నారా, పై మంచం మీద ఎవరు పడుకోగలరు, ఇవన్నీ ఆ ఒక్క రాత్రిలో తెలుస్తాయి. పొద్దున ట్యాంకులో మిగిలిన నీళ్లు చూసి ఆ అంకెను రాసుకోవాలి. దిండి దాకా ఎన్ని బసలు కావాలో, ఏ రోజు ఏ ఫంక్షన్ హాలుకి ఫోన్ చేయాలో ఆ అంకెను బట్టే తేల్చుకోవచ్చు.